ఎముకలు, కండరాలు నేర్చుకోవడం ఎలా: మీ ఒంటి మీదే మొదలుపెట్టండి

ఎముకల పేర్లు బట్టీ పట్టడంతో మాత్రం మొదలుపెట్టకండి. పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలు, 600 పైచిలుకు కండరాలు. ఒక్కో కండరానికి ఎక్కడ పుట్టింది, ఎక్కడ అతుక్కుంది, ఏ నరం, ఏం పని అని నాలుగు గడులు. ఆ పట్టికని పరీక్ష ముందు రాత్రి మింగేసినవాళ్ళు హాల్లోంచి బయటికొస్తూనే సగం మర్చిపోతారు. ఇంటర్ బైపీసీ పిల్లలు, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ మొదటేడు వాళ్ళు, జిమ్‌లో ట్రైనర్‌గా చేరదామనుకునేవాళ్ళు, గచ్చిబౌలిలో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెడ పట్టేసి "అసలిక్కడ ఏముంది?" అని తడుముకునేవాళ్ళు, ఎవరైనా సరే, నేను చెప్పే వరస ఒకటే. ముందు తడమండి, తర్వాత కదిపి చూడండి, ఆ తర్వాత ఒక కోడికాలు కోసి చూడండి. పేరు ఆఖర్న.

మొదట రెండు ముక్కలు

కండరం లాగగలదు, తొయ్యలేదు. తాను దాటిన కీలునే కదపగలదు. ఈ రెండూ బుర్రలో ఉంటే చాలు, పట్టికలో "పని" అనే గడి మొత్తం మీరే నింపుకోవచ్చు. కండరం ఒక కొస ఏ ఎముక మీద ఉంది, రెండో కొస ఏ ఎముక మీద ఉంది, మధ్యలో ఏ కీలు ముందునుంచో వెనకనుంచో వెళ్ళింది, ఇవి తెలిస్తే అది పొట్టిదైనప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తొయ్యడం రాదు కాబట్టి మోచెయ్యి మడిచే కండరం ముందువైపు ఉంటే, చాచే కండరం వెనకవైపు ఉండి తీరాలి.

ఎందుకు లాగుతుందో కూడా ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. కండరంలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఉంటాయి. నరం నుంచి కబురొస్తే లోపల కాల్షియం విడుదలై, ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారి కండరాన్ని పొట్టి చేస్తాయి. విచిత్రం ఏమిటంటే, పట్టడానికే కాదు, ఆ పట్టు విడవడానికి కూడా ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే రసాయనం) కావాలి. చనిపోయిన కొన్ని గంటలకి ఒళ్ళు కొయ్యబారడానికి కారణం అదే: ఏటీపీ అయిపోయింది, పట్టు విడవడం లేదు.

కావలసిన సరంజామా పెద్దగా ఏం లేదు. సబ్బుతో కడిగితే పోయే స్కెచ్ పెన్, పొట్టి చేతుల బనీను, మోకాళ్ళ పైదాకా వచ్చే నిక్కరు, ఒక అద్దం, మొహమాటపడని ఒక స్నేహితుడో స్నేహితురాలో. బొమ్మల పుస్తకం కావాలంటే కోఠిలో పాత పుస్తకాల షాపులు ఉండనే ఉన్నాయి. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైన ఉస్మానియా మెడికల్ కాలేజీ అక్కడే కాబట్టి, సీనియర్లు అమ్మేసిన అనాటమీ పుస్తకాలకి ఆ చుట్టుపక్కల కొదవుండదు. ఎడిషన్ పాతదైనా తీసుకోండి. పోయిన ఎడిషన్‌కీ ఈ ఎడిషన్‌కీ మధ్య ఎవరికీ కొత్త ఎముక మొలవలేదు.

లెక్క తేల్చుకోండి

కాగితం మీద ఒక మనిషి బొమ్మ గీసి ఎముకల లెక్క రాయండి. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా పర్వాలేదు. నడిమధ్యన ఉన్నవి 80: పుర్రెలో 22, రెండు చెవుల్లో కలిపి 6, గొంతులో ఒంటరిగా ఉండే హయాయిడ్ 1, వెన్నెముకలో 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక 1. కాళ్ళూ చేతులూ, వాటిని మొండేనికి తగిలించే ఎముకలూ కలిపి 126. ఇప్పుడు చేతివైపు చూడండి. మణికట్టు నుంచి వేలికొస దాకా ఒక్క చేతిలోనే 27, ఒక్క పాదంలో 26. నాలుగూ కలిపితే 106. అంటే ఒంట్లో ఉన్న ఎముకల్లో సగానికి పైగా అరచేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయి. చెయ్యీ పాదం గట్టిగా నేర్చుకుంటే సగం సిలబస్ అయినట్టే.

పుట్టిన పాపాయికి 300 దగ్గర ఉంటాయి, పెరిగేకొద్దీ కొన్ని కలిసిపోతాయి. నడుము కింద త్రికం అదే, ఐదు పూసలు కలిసి ఒకటైంది.

ఎముకల్ని తడమడం

పైనుంచి కిందికి రండి. పుర్రె దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. చెవి వెనక గట్టి బొడిపె ఒకటి, చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదిలే దవడ కీలు ఒకటి తెలిస్తే చాలు. తల వంచి మెడ వెనక వేలు కిందికి జార్చుకుంటూ రండి. ఎక్కువమందికి అన్నిటికంటే పొడుచుకొచ్చినట్టు తగిలేది మెడలో ఏడో పూస. మిగతా పూసలన్నీ అక్కణ్ణుంచే లెక్కపెట్టుకోవచ్చు. చేతులు పక్కకి వేలాడేసి నిలబడితే రెక్క ఎముక కిందికొస దాదాపు ఛాతీలో ఏడో పూస ఎత్తులో ఉంటుంది. నడుము రెండు పక్కలా చేతులు పెట్టుకుంటే కింద తగిలే తుంటి ఎముక అంచుల్ని కలుపుతూ వెనక ఒక గీత గీస్తే నడుములో నాలుగో పూస దగ్గరికి వస్తుంది. సిజేరియన్‌కి నడుములో మత్తు ఇంజెక్షన్ ఇచ్చే డాక్టర్ ముందు చేత్తో వెతికేది ఈ గీతనే.

నర్సింగ్ వాళ్ళు రొమ్ము ఎముక దగ్గర మాత్రం ఆగాలి. గొంతు కింద గుంట నుంచి వేలు కిందికి జారిస్తే రెండు మూడు వేళ్ళ దూరంలో అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన అతుక్కున్నది రెండో పక్కటెముక. మొదటిది జత్రుక (రొమ్ము నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) కింద దాక్కుని చేతికి సరిగ్గా అందదు కాబట్టి లెక్క ఎప్పుడూ ఈ రెండోదాని నుంచే. ఈసీజీలో మొదటి ఛాతీ లీడ్ పెట్టేది రొమ్ము ఎముకకి కుడిపక్కన, నాలుగో పక్కటెముక కింద సందులో. గట్టు దొరకకుండా కళ్ళతో అంచనా వేసి అంటించేవాళ్ళు చాలామంది ఉంటారు, మీరు అలా చేయకండి.

జత్రుక మీద వేలు పెట్టి రొమ్ము నుంచి భుజం దాకా వెళ్ళండి. ముందు బయటికి వంగి, తర్వాత లోపలికి తిరుగుతుంది. చేతిని మొండేనికి కలిపే ఎముకల దారి ఇదొక్కటే. బండి మీంచి భుజం మీద పడ్డవాళ్ళకి ఎక్కువగా విరిగేదీ ఇదే, ఆ బరువంతా దీని గుండా పోవాలి మరి. కడుపులో బిడ్డకి ఎముక గట్టిపడటం అన్నిటికంటే ముందు మొదలయ్యేది దీనికే, పూర్తిగా కలిసిపోవడం దాదాపు ఆఖర్న.

ఇక మోచెయ్యి. ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. చెయ్యి పూర్తిగా చాపి, మోచేతి వెనక మూడు బొడిపెలు వెతకండి: లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, మధ్యలో మొన ఒకటి. మూడిటి మీద స్కెచ్ పెన్‌తో చుక్కలు పెట్టండి. చెయ్యి చాచి ఉన్నప్పుడు మూడు చుక్కలూ ఒకే గీత మీద ఉంటాయి. ఇప్పుడు లంబకోణంలో మడవండి, త్రిభుజం అవుతుంది. పక్క బొడిపెలు రెండూ భుజాస్థివి (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక), మధ్య మొన అరత్నిది (మోచేతి కింద ఉండే రెండెముకల్లో ఒకటి). కదిలింది మధ్యది ఒక్కటే. మోచెయ్యి వాచిన పిల్లాణ్ణి తీసుకొస్తే ఎముకల డాక్టర్ ముందు తడిమి చూసేది ఈ త్రిభుజాన్నే. అది చెదిరితే కీలు తప్పిందేమో అనుకుంటారు. త్రిభుజం సరిగ్గానే ఉండి ఆకారం చెడితే విరిగింది భుజాస్థి కిందిభాగంలో అనుకుంటారు. ఖాయం చేసుకోవడానికి ఎక్స్‌రే ఎలాగూ ఉంటుంది. లోపలి బొడిపె వెనక గాడిలో వేలితో మెల్లగా నొక్కితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది. తలుపుకి మోచెయ్యి తగిలినప్పుడు కరెంట్ షాక్ కొట్టేది అక్కడున్న అల్నార్ నరమే, ఎముక కాదు.

మోచేతి కింద రెండెముకలు. అరత్ని చిటికెన వేలు వైపు, రత్ని బొటనవేలు వైపు. చెయ్యి బల్ల మీద పెట్టి మోచేతి మొన నుంచి మణికట్టు దాకా అరత్ని అంచుని వేలితో పట్టుకుని, అరచెయ్యి పైకీ కిందికీ తిప్పండి. అరత్ని దాదాపు అక్కడే ఉంటుంది, రత్ని దాని మీదుగా అడ్డం తిరుగుతుంది. ఈ కదలిక గుర్తుంచుకోండి, కండరాల దగ్గర పనికొస్తుంది.

బొటనవేలు బాగా పైకి చాపితే మణికట్టు పక్కన రెండు టెండన్ల (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళ) మధ్య గుంట పడుతుంది. గుంట అడుగున స్కఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. వానాకాలంలో బండి జారి అరచెయ్యి ఆనించి పడ్డవాళ్ళకి ఆ గుంటలో నొక్కితే నొప్పి అంటే తేలిగ్గా తీసుకోకూడదు. మొదటిరోజు ఎక్స్‌రేలో విరిగినట్టు కనిపించకపోవచ్చు. అందుకే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్ళీ తీయిస్తారు. ఆ ఎముకకి రక్తం వేళ్ళవైపు నుంచి వెనక్కి వస్తుంది, మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం అందక చచ్చిపోయే ప్రమాదం ఉంది. "బెణికిందిలే, పుత్తూరు కట్టు వేయిస్తే పోతుంది" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా ముందు ఎక్స్‌రేకి తీసుకెళ్ళండి. ఏ కట్టయినా సరే, వేశాక వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి.

కాలివైపు త్వరగా చూసేద్దాం. గట్టి కుర్చీలో కూర్చుని పిర్రల కింద చేతులు పెట్టుకుంటే తగిలే రెండు బొడిపెలు తుంటి ఎముకవి, మనం కూర్చునేది వాటి మీదే. నిలబడి పక్కన తుంటి కింద అరచెయ్యి ఆనించి పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పితే చేతికింద దొర్లేది తొడ ఎముక పైభాగంలో ఉన్న పెద్ద బొడిపె. కాలు చాచి వదులుగా పెట్టి మోకాలి చిప్పని అటూ ఇటూ జరపండి, జరుగుతుంది. తొడ బిగిస్తే ఇక కదలదు. బావి మీద గిలక చేసే పనే ఈ చిప్ప మోకాలి మీద చేస్తుంది: తొడ ముందు కండరాల టెండన్ దీని మీదుగా వెళ్తుంది కాబట్టి అంతే బలంతో కాలు చాచడం తేలికవుతుంది. చీలమండ రెండు వైపులా బొడిపెలు చూడండి, బయటిది కాస్త కిందికి, కాస్త వెనక్కి ఉంటుంది. లోపలిది పెద్ద ఎముకది, బయటిది సన్న ఎముకది. ఆ సన్న ఎముక పైకొస మోకాలి బయటివైపు కొంచెం కిందుగా తగులుతుంది, దాన్ని చుట్టుకుని ఒక నరం పోతుంది. చాలాసేపు గొంతుక్కూర్చుని లేస్తే పాదం తిమ్మిరెక్కేది ఎక్కువగా ఆ నరం నొక్కుకునే.

తడిమేటప్పుడు మనవాళ్ళు చేతికి తగిలే ప్రతిదాన్నీ "నరం" అనేస్తారు. నాలుగు పరీక్షలు పెట్టుకోండి. కదిపినప్పుడు బిగుసుకుని వదిలేస్తే వదులయ్యేది టెండన్. నొక్కితే అణిగిపోయి, చెయ్యి కిందికి వేలాడేస్తే ఉబ్బేది సిర. కొట్టుకునేది ధమని. మెల్లగా నొక్కితే దూరంగా ఎక్కడో జివ్వుమనిపించేది అసలైన నరం. మెడ మీద మాత్రం రెండు పక్కలా ఒకేసారి నొక్కకండి. మెదడుకి రక్తం పోయేది ఆ దారిలోనే, కళ్ళు తిరుగుతాయి.

కండరాన్ని పనిచేస్తుండగా పట్టుకోండి

పని చేయని కండరం మెత్తటి మాంసంగానే తగులుతుంది. కాబట్టి ఒక చేత్తో కదలికకి అడ్డం పెట్టండి, రెండో చేత్తో తడమండి. గట్టిపడిందల్లా ఆ కదలికకి కారణం.

బైసెప్స్‌తో మొదలుపెట్టండి. దాని పని మోచెయ్యి మడవడం అని అందరూ చెప్తారు. కుడి మోచెయ్యి లంబకోణంలో మడిచి, ఎడమ చెయ్యి బైసెప్స్ మీద వేసుకోండి. మడత మార్చకుండా అరచెయ్యి కిందికీ పైకీ తిప్పండి. పైకి తిప్పిన ప్రతిసారీ, ముఖ్యంగా ఎవరైనా మీ చెయ్యి పట్టుకుని ఆపుతుంటే, బైసెప్స్ రాయి అవుతుంది. ఎందుకు? దాని కిందికొస అతుక్కున్నది రత్నికి. అరచెయ్యి కిందికి తిప్పినప్పుడు రత్నితోపాటు ఆ టెండన్ కూడా చుట్టుకుంటుంది. బైసెప్స్ లాగితే ఆ చుట్టు విప్పుకుని అరచెయ్యి పైకి తిరుగుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేది ఈ కదలికతోనే. అరగంట స్క్రూలు బిగించిన వడ్రంగికి నొప్పి పుట్టేది మణికట్టులోనే కాదు, భుజం కిందా.

మరి అరచెయ్యి కిందికి పెట్టి బకెట్ ఎత్తితే మోచెయ్యి మడిచేదెవరు? బైసెప్స్ కింద దాక్కున్న బ్రేకియాలిస్. అది భుజాస్థి నుంచి అరత్నికి పోతుంది. అరత్ని తిరగదని ఇందాకే చేత్తో చూశారు కదా, కాబట్టి అరచెయ్యి ఎటున్నా దానికి ఒకటే. పేరు వినకముందే దాని పని మీకు తెలిసిపోయింది. ఈ కిటుకు పట్టుబడితే మిగతా కండరాలకీ ఇదే వరస.

తర్వాత ముంజేయి. కుడి ముంజేతిని ఎడమ చేత్తో చుట్టి పట్టుకుని, కుడిచేతి వేళ్ళు టైప్ చేస్తున్నట్టు ఆడించండి. కదులుతున్నవి వేళ్ళు, గుబగుబలాడుతున్నది మోచేతి కింద. వేళ్ళలో వాటిని మడిచే కండరమే లేదు. పొడవాటి టెండన్లు మణికట్టు దాటి వచ్చి వేళ్ళని లాగుతాయి. అరచేతిలో చిన్న కండరాలు ఉన్నాయి, అవి సన్నపనికి. ఇప్పుడు పిడికిట్లో పెన్ను పట్టుకుని మణికట్టు పూర్తిగా లోపలికి మడవండి, స్నేహితుణ్ణి పెన్ను లాగమనండి. తేలిగ్గా ఊడొస్తుంది. మణికట్టు కాస్త వెనక్కి వంచి పట్టుకుంటే లాగలేడు. వేళ్ళు మడిచే కండరాలు మణికట్టు కూడా దాటాయి కాబట్టి, మణికట్టు మడిచేసరికి అవి అప్పటికే పొట్టివైపోయి ఇంకా లాగే శక్తి మిగల్లేదు. సిటీ బస్సులో రాడ్డు పట్టుకున్న మనుషుల మణికట్లు గమనించండి, ఎవరూ చెప్పకుండానే అందరూ కాస్త వెనక్కి వంచే పట్టుకుంటారు.

అదే చేతిలో ఇంకో సరదా. బొటనవేలు, చిటికెన వేలు కొసలు కలిపి మణికట్టు కొంచెం మడిస్తే మధ్యలో సన్నటి టెండన్ ఒకటి లేస్తుంది, పాల్మారిస్ లాంగస్. కొందరికి ఒక చేతిలో ఉండదు, కొందరికి రెండిట్లోనూ ఉండదు. లేకపోయినా పట్టులో తేడా తెలియదు. అందుకే వేరేచోట టెండన్ తెగితే సర్జన్లు దీన్ని తీసి అక్కడ వాడుకుంటారు. క్లాసులో అందరి చేతులూ చూడండి, పుస్తకంలో బొమ్మ ఒకటే అయినా మనుషులు ఒకటి కాదని అక్కడ తెలుస్తుంది.

కాలికి రెండు పరీక్షలు చాలు. బస్టాప్‌లో నిలబడి ఒంటికాలి మీద బరువు వేసి, ఆ వైపు తుంటి ఎముక అంచు కింద బొటనవేలు పెట్టండి. గట్టిపడేది గ్లూటియస్ మీడియస్. నడిచేటప్పుడు ప్రతి అడుగులో ఒక కాలు గాల్లో ఉంటుంది కదా, ఆ వైపు తుంటి కిందికి వాలిపోకుండా పట్టి ఉంచేది నేల మీదున్న కాలివైపు కండరం. అది బలహీనమైతే మనిషి ఊగుతూ నడుస్తాడు. రెండోది పిక్క. నిలబడి మడమలు ఎత్తితే పిక్క పైన రెండు ముద్దలు లేస్తాయి. కుర్చీలో మోకాళ్ళు మడిచి మడమలు ఎత్తండి, ఆ ముద్దలు మెత్తగా ఉంటాయి, వాటి కింద ఉన్న సోలియస్ పనిచేస్తుంది. పైది మోకాలూ చీలమండా రెండూ దాటింది, కిందిది చీలమండ ఒక్కటే. గోడకి చేతులు ఆనించి పిక్క సాగదీసేటప్పుడు ఒకసారి మోకాలు చాచి, ఇంకోసారి మడిచి చేయమని ఫిజియో చెప్పేది అందుకే.

మెడ కూడా చూసేయండి. ముఖం కుడివైపు తిప్పితే లేచేది ఎడమ మెడ కండరం. చెవి వెనక బొడిపె నుంచి రొమ్ము దాకా దాని దారి చూస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. నేను చెప్పను.

చికెన్ షాపుకి వెళ్ళండి

నిజం మనిషి ఎముకలు కాలేజీ డిసెక్షన్ హాల్లోనే దొరుకుతాయి, దేహదానం చేసినవాళ్ళ వల్ల. ఇంట్లో మాత్రం కోడికాలు ఉండగా ప్లాస్టిక్ మోడల్ కొనక్కర్లేదు. మాంసం ముట్టనివాళ్ళు ఈ భాగం వదిలేయండి. షాపతనికి "తోలు తియ్యొద్దు, ముక్కలు కొట్టొద్దు, తొడతో సహా కాలు మొత్తం, పంజా కూడా ఇవ్వండి" అని చెప్పండి. వింతగా చూస్తాడు. గ్లౌజులు వేసుకోండి, వంటింటి కత్తిపీట వాడకండి, కోసినదాన్ని కూరకి పెట్టకండి, పని అయ్యాక చేతులు, బల్ల సబ్బుతో కడగండి.

ముందు పంజా. కోసిన చోట తెల్లగా మెరుస్తూ టెండన్ల కొసలు కనిపిస్తాయి. వెనకవైపు కొసని పట్టకారుతో పట్టి లాగండి, గోళ్ళు ముడుచుకుంటాయి. ముందువైపుది లాగండి, విచ్చుకుంటాయి. ఆ కాలిలో ప్రాణం లేదు, లాగుడు మాత్రం ఉంది.

తర్వాత కాలు. తోలు తీస్తే మాంసం మీద పల్చటి పారదర్శకమైన పొర. చాకు పక్కన పెట్టి వేలితోనే ఆ పొర వెంబడి పొండి, కండరాలు ఒక్కొక్కటిగా విడివడతాయి. ప్రతి కండరం కొస సన్నబడి తెల్లటి టెండన్‌గా మారడం, అది ఎముకలోకి దిగడం చూడండి. మోకీలు మీద కోస్తే నీలిఛాయ తెల్లటి మృదులాస్థి, వేళ్ళకి జిగటగా తగిలే ద్రవం, రెండెముకల్ని కట్టిపట్టుకున్న లిగమెంట్లు కనిపిస్తాయి. టెండన్ కండరాన్ని ఎముకకి కలుపుతుంది, లిగమెంట్ ఎముకని ఎముకకి. బిర్యానీలో లెగ్ పీస్ తింటుంటే గుచ్చుకునే సన్నటి ముల్లెముక ఉంటుంది చూశారూ, అదే కోడికి ఫిబ్యులా, అంటే ఇందాక మోకాలి కింద తడిమిన సన్న ఎముక. మనకి చీలమండ దాకా వచ్చేది, కోడికి మధ్యలోనే ఆగిపోయింది. వెనక్కి మడిచిన మోకాలని మనం అనుకునేది నిజానికి దాని చీలమండ.

తొడ ఎముకని శుభ్రం చేసి వెనిగర్‌లో మునిగేలా వేసి, మధ్యలో వెనిగర్ మారుస్తూ కొన్ని రోజులు వదలండి. ఆమ్లం కాల్షియం లవణాల్ని కరిగించేస్తుంది, మిగిలినది కొల్లాజెన్. ఎముక వంచితే రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకని బొగ్గుల మీద బాగా కాలిస్తే కొల్లాజెన్ పోయి లవణాలే మిగిలి, నొక్కగానే పొడవుతుంది. గట్టిదనం ఒకదాని వల్ల, విరగని సాగుడు ఇంకోదాని వల్ల. పాయా తాగాక పెదాలు అంటుకునేది ఆ కొల్లాజెన్ ఉడికి జెలటిన్ అవడం వల్లే. విరిగిన ఎముక పాయాతో అతుక్కుంటుందన్న మాట మాత్రం నమ్మకండి. కడుపులోకి వెళ్ళాక అది కూడా మిగతా ప్రోటీన్లలాగే అరిగిపోతుంది, సూప్‌లోకి దిగే కాల్షియం కూడా కొద్దే. రుచి కోసం తాగండి, నాకూ ఇష్టమే.

ఎముక రాయి కాదు, బతికున్న కణజాలం. పాతది కరుగుతూ, కొత్తది పేరుకుంటూ ఉంటుంది, ఒంట్లోకి ఏం పోతే దాన్ని లోపల కలుపుకుంటుంది. ఇందుకు ఉదాహరణ హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలోనే ఉంది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలో చేరిపోతుంది. ఎముక చిక్కగా అవుతుంది కానీ బలం రాదు, లిగమెంట్లు కూడా సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్ను బిగుసుకుపోయి మెడ తిప్పలేక మొత్తం మనిషే తిరగాల్సి వస్తుంది. పిల్లల మోకాళ్ళు వంకరపోతాయి. "ఎముక గట్టిపడటం" ఎప్పుడూ మంచిదే అనుకునేవాళ్ళు ఆ ఊళ్ళ ఎక్స్‌రేలు చూడాలి.

గోల్కొండ ఎక్కి దిగండి

ఒక ఆదివారం పొద్దున్నే కోట పైదాకా ఎక్కి రండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు హాయి. తొడల నొప్పి తెలిసేది మర్నాడు, మూడోరోజు. దానికి ఎక్కుడు కంటే దిగుడుదే ఎక్కువ బాధ్యత. దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా మోకాలు మడుస్తున్నారు, కానీ ధడాలున పడిపోకుండా తొడ ముందు కండరం బిగిసి ఆపుతూనే సాగుతోంది. లాగుతూ సాగే ఈ పనిలో కండరం పోగులకి సన్నటి చిరుగులు పడతాయి, అవి మానే క్రమంలోనే ఆ నొప్పి. "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది" అనే జిమ్ మాట తప్పు, ఆ యాసిడ్ గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది. దిగుతూ మధ్యలో ఒక మెట్టు మీద ఆగి తొడ మీద చెయ్యి పెట్టి చూడండి. కండరం పని అంటే పొట్టిదవడమే కాదని పుస్తకం కంటే ముందు చెయ్యి చెబుతుంది.

తీరిక ఉంటే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌కి కూడా వెళ్ళండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే జురాసిక్ కాలపు డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టారు, 44 అడుగుల పొడవు. వెనక కాలు దగ్గర నిలబడండి. తొడలో ఒక ఎముక, కింద రెండు, ఆ కింద చిన్నవి బోలెడు. ముందు కాలూ అంతే. ఇందాక మీ ఒంటి మీద వేసిన పటమే.

ఆఖర్న పేర్లు, వైవా

ఇప్పుడు పుస్తకం తెరవండి. పేరు పక్కన పేరు చదవకుండా, ఒక్కో పేరు చదివి దాన్ని ఒంటి మీద చూపించండి. చూపించలేకపోతే ఆ పేరు మీకు రానట్టే. స్నేహితుడు కదలిక చెబుతాడు, మీరు కండరం చూపిస్తారు. మర్నాడు మీరు అడుగుతారు. చెరువు గట్టున వాకింగ్ చేస్తూ కూడా ఇది అయిపోతుంది.

వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎముక చేతిలో పెట్టి ముందు అడిగేది "కుడిదా, ఎడమదా?" దానికి మూడు విషయాలు కావాలి: పైకొస ఏది, ముందువైపు ఏది, లోపలివైపు ఏది. తొడ ఎముకకి గుండ్రటి తల లోపలికి చూస్తుంది, వెనక నిలువునా గరుకు గట్టు ఉంటుంది. భుజాస్థికి తల లోపలికి, కింద లోతైన గుంట వెనక్కి. కాలి పెద్ద ఎముకకి పదునైన అంచు ముందుకి, కింద బొడిపె లోపలికి. జత్రుకకి గుండ్రటి లావు కొస రొమ్మువైపు, చదును కొస భుజంవైపు, రొమ్ము పక్కన ఉబ్బు ముందుకి, సన్నటి గాడి కిందికి. ఎముకని మీ ఒంటికి ఆనించి సరైన తీరులో పట్టుకున్నాకే నోరు తెరవండి, ఎగ్జామినర్ గమనించేది మీరు ఎలా పట్టుకున్నారనే.

ఎక్కువమంది బోల్తా పడేది ఫిబ్యులా దగ్గర. రెండు కొసలూ ఒకేలా కనిపిస్తాయి. చదునుగా కోసుగా ఉన్న కొస కిందికి పెట్టండి, అది చీలమండ. దాని మీద త్రికోణంగా నున్నటి ముఖం ఒకటి ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పండి. ఆ ముఖానికి పక్కనే చిన్న గుంట కనిపించాలి, అది వెనక్కి రావాలి. ఈ మూడూ కుదిరేది ఒక్క కాలికే.